గెలుపు షరతును బట్టి ఆటతీరు: వ్యూహ క్రీడలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక మిత్రుని డాబా మీది గదిలో కొన్నేళ్లుగా ఆదివారం మధ్యాహ్నాలు ఆరేడుగురం చేరి, ల్యాప్‌టాప్‌లన్నీ ఒకే రౌటరుకు కలుపుకొని ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2, సివిలైజేషన్ 6 అనే కంప్యూటరు వ్యూహ క్రీడలు ఆడుతున్నాము. ఏది సాధిస్తే ఆట గెలిచినట్టో అదే ఆ ఆట గెలుపు షరతు. కొత్తగా వచ్చినవారూ, ఫోనులో మాత్రమే ఆడే తమ్ముళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులను ఒకచోట చేర్చాను. ఆటల పేర్లనూ, వాటిలోని మాటలనూ ఆటగాళ్లు పలికే తీరులోనే ఉంచాను. సివిలైజేషన్ 6 గురించి చెప్పినవన్నీ గ్యాదరింగ్ స్టార్మ్ విస్తరణతో, స్టాండర్డ్ వేగంలో ఆడే ఆటకు వర్తిస్తాయి.

గెలుపు షరతును ఆట చివర చూసుకుంటే సరిపోదా? మొదట బలపడటం ఎవరికైనా ఒకటే కదా?

ఆట తొలి దశ వరకు ఈ మాట చాలావరకు నిజమే. ఏ షరతుకు ఆడినా విలేజర్లు (పనివారు) ఆగకుండా పుట్టాలి, పొలాలు పడాలి, రెండో నగరం, మూడో నగరం వెలియాలి. ఆ దశ దాటాక మాత్రం, షరతు తేల్చుకోకుండా బలపడాలనుకోవడం, ఏ ఊరు వెళ్లాలో తెలియకుండా ఆర్టీసీ కాంప్లెక్సులో కనపడిన బస్సల్లా ఎక్కడం వంటిది.

గెలుపు షరతు ఆటలోని ప్రతి వస్తువుకూ ఖరీదు కడుతుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో రెలిక్ అనే పవిత్ర వస్తువునే తీసుకోండి. శత్రువును పూర్తిగా తుడిచిపెడితే తప్ప గెలవని కాంక్వెస్ట్ ఆటలో, మొనాస్టరీలో (మఠంలో) పెట్టిన ఒక్కో రెలిక్ నిమిషానికి 30 బంగారం ఇచ్చే ఆదాయ వనరు మాత్రమే. మ్యాప్ మీది గనులు అడుగంటాక దాని విలువ బాగా తెలిసివస్తుంది గాని, ఒకటి శత్రువు చేతికి పోయినంత మాత్రాన ఆట పోదు. స్టాండర్డ్ షరతులతో ఆడేటప్పుడు రెలిక్‌లన్నీ ఒకరి చేతికి చేరిన క్షణం నుంచి గడియారం నడుస్తుంది, గడువు ముగిసేదాకా వాటిని నిలుపుకుంటే వారు గెలిచినట్టే. రాయి సంగతీ అంతే. కాంక్వెస్ట్‌లో అది క్యాసిళ్లకు, టవర్లకు పోతుంది. వండర్ (గడువుదాకా నిలిస్తే గెలిపించే మహా కట్టడం) కట్టదలచినవారికి అందులో వెయ్యి ముందే ఖర్చయిపోయినట్టు లెక్క. మధ్యలో తొందరపడి నాలుగో క్యాసిల్ కట్టిన తరువాత, వండర్‌కు రాయి చాలడం లేదని వాపోయినవారిని చాలామందిని చూశాను. ఆ జాబితాలో నేనూ ఉన్నాను.

ఇద్దరికీ వేర్వేరు గెలుపు షరతులు ఉన్నప్పుడు ఎలా ఆలోచించాలి?

ఈ ప్రశ్నకు పాఠం మన పులిమేక ఆటలోనే ఉంది. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి చంపితే గెలుపు వైపు నడుస్తుంది, మేకలు మూడు పులులనూ కదలకుండా కట్టివేస్తే గెలుస్తాయి. మేకల పక్షాన కొత్తగా ఆడేవారు ప్రతి మేకనూ కాపాడుకోవాలని చూస్తారు, అందుకే ఓడిపోతారు. మేకల గెలుపు షరతులో మేకల లెక్క లేదు, పులుల కదలిక మాత్రమే ఉంది. కాబట్టి ఒక మేకను వదులుకుని పులిని మూలకు రప్పించగలిగితే అది నష్టం కాదు, పెట్టుబడి. పులి పక్షం వారికి అదే తర్కం తిరగబడుతుంది. ఇన్ని మేకలు దొరికాయన్న సంతోషంలో దారులు మూసుకుపోవడం గమనించకపోతే, మధ్యలో పొందిన లాభమంతా వృథా.

చదరంగంలో ఆర్మగెడాన్ అనే నిర్ణాయక ఆట ఇదే పాఠాన్ని ఇంకా పదునుగా చెబుతుంది. తెల్లపావులవారికి గడియారంలో ఎక్కువ సమయం ఉంటుంది, నల్లపావులవారికి తక్కువ. కాని ఆట డ్రా అయితే నల్లపావులవారే గెలిచినట్టు. బల్ల అదే, పావులు అవే, ఎత్తుల నియమాలు అవే. అయినా మామూలు ఆటలో సంతోషంగా ఒప్పుకునే సమాన స్థితి, ఇక్కడ తెల్లపావులవారికి ఓటమి. అందువల్ల వారు మంత్రులను మార్చుకోవడానికి వెనుకాడుతారు, నల్లపావులవారు పావులను మార్చుకుంటూ బల్లను ఖాళీ చేయాలని చూస్తారు. 2019లో మాస్కోలో కోనేరు హంపి ప్రపంచ మహిళల ర్యాపిడ్ కిరీటం గెలుచుకున్నది కూడా చైనా క్రీడాకారిణి లీ టింగ్జీతో ఇటువంటి ఆర్మగెడాన్ ఆట దాకా వెళ్లిన తరువాతే.

వీడియో గేముల్లో ఈ అసమానత సాధారణంగా రాసి ఉండదు, ఆట నడుస్తుండగా పుడుతుంది. మీరు వండర్ కట్టడం మొదలుపెట్టిన మరుక్షణం నుంచి మీ షరతు కాలం గడపడం, ఎదుటివారి షరతు గోడ పగలగొట్టడం. అప్పటిదాకా సమానంగా సాగిన పోరు ఆ క్షణం నుంచి పులిమేకగా మారుతుంది.

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో వండర్ కట్టడం నిజంగా పనిచేస్తుందా, లేక కంప్యూటరును ఓడించడానికి మాత్రమేనా?

మనుషుల మధ్య కూడా పనిచేస్తుంది, కాని అనుకున్న కారణంతో కాదు. ఇంపీరియల్ ఏజ్ చేరాక వెయ్యి కలప, వెయ్యి రాయి, వెయ్యి బంగారం పోసి కట్టే ఆ కట్టడం గడువుదాకా నిలబడి గెలిపించడం తక్కువసార్లే జరుగుతుంది. దాని అసలు బలం, ఎదుటివారిని తమకు నచ్చిన సమయంలో కాక మీకు నచ్చిన చోట దాడి చేయించడంలో ఉంది. వండర్ లేచిన సంగతి అందరికీ ప్రకటితమవుతుంది. అప్పటిదాకా మూడు వైపుల నుంచి మీ పొలాల మీదికి గుర్రాలను పంపి చికాకు పెడుతున్నవాడు కూడా ట్రెబుషేలు (కోటలు కూల్చే రాళ్ల యంత్రాలు) కూడగట్టుకుని ఒక్క దారిన రావలసి వస్తుంది. ఆ దారి ఎక్కడో మీరు ముందే ఎంచుకున్నారు, కొండకు ఆనుకుని రెండు క్యాసిళ్లు ముందే కట్టారు. కాబట్టి వండర్‌ను మ్యాప్ అంచున, వెనుక చోటు లేని మూలన కట్టండి. ట్రెబుషేల మీదికి దూకడానికి కొంత వేగమైన గుర్రపు సేనను గోడల బయట దాచి ఉంచండి. గోడల లోపల కూర్చున్న సేన ట్రెబుషేలను ఆపలేదు.

రెలిక్ గెలుపు విషయంలో గుర్తుంచుకోవలసింది వేరు. గెలవడానికి అన్నీ కావాలి, ఆపడానికి ఒక్కటి చాలు. అందువల్ల రెలిక్ గెలుపు కోసం మీరే ప్రయత్నించకపోయినా, ఒక్క రెలిక్‌ను దగ్గరి మొనాస్టరీలో భద్రంగా ఉంచుకుంటే ఆ దారి మిగతా అందరికీ మూసుకుపోతుంది. రెలిక్‌ను తెచ్చే ఒక్క మాంక్ (సన్యాసి) ఖర్చుకు ఇంత బీమా మరెక్కడా దొరకదు.

2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా వచ్చాక మా గుంపులో సగంమంది అభిమానంతో ద్రవిడియన్లనే ఎంచుకుంటున్నారు. వారికి నైట్ గుర్రాలు లేవు, బలమంతా కాలిబలంలోనూ ఓడలలోనూ ఉంది. విశాలమైన మైదానపు మ్యాప్‌లో కాంక్వెస్ట్ పెట్టుకుని ద్రవిడియన్లతో శత్రువును వెంటాడి తుడిచిపెట్టాలనుకోవడం కష్టం. నీరు ఎక్కువగా ఉన్న మ్యాప్‌లో, లేదా ఒక స్థలాన్ని పట్టుకుని కూర్చోవలసిన కింగ్ ఆఫ్ ద హిల్ ఆటలో అదే జనం వేరే జనంలా కనపడతారు. షరతును చూసి జనాన్ని ఎంచుకోవాలి గాని, ఇష్టమైన జనాన్ని ఎంచుకున్నాక షరతును తిట్టుకోకూడదు.

రెజిసైడ్‌లో రాజును ఎక్కడ దాచాలి?

రాజు చనిపోతే ఓడిపోయే ఈ ఆటలో, మొదట్లో క్యాసిల్‌లోనే. ఆట ముదిరాక క్యాసిల్ ట్రెబుషేలకు గురి అవుతుంది గనుక రాజును అక్కడి నుంచి తీసి వెనుక చోటుకు మార్చాలి. సముద్రమున్న మ్యాప్‌లో రవాణా ఓడ ఎక్కించి ఒక మూల నిలిపేవారూ ఉన్నారు. క్యాసిల్‌లో ట్రీజన్ మీద 400 బంగారం ఖర్చు పెడితే శత్రురాజు ఎక్కడున్నాడో క్షణకాలం కనపడుతుందని మరచిపోవద్దు. ఒకే చోట దాచిన రాజు ఆ క్షణంలో దొరికిపోతాడు.

సివిలైజేషన్ 6లో ఏ విక్టరీకి వెళ్లాలో ఎప్పుడు తేల్చుకోవాలి?

సైన్స్, కల్చర్, డామినేషన్ (సైనిక గెలుపు), మతం, దౌత్యం అనేవి ఈ ఆటలోని గెలుపు దారులు. మతపరమైన గెలుపును వదిలేస్తే, తొలి పొరుగువారెవరో, చుట్టూ నేల ఎలాంటిదో తెలిసిన తరువాత తేల్చుకోవడం మంచిది. మతానికి మాత్రం అంత వ్యవధి ఉండదు. మతం స్థాపించే మహాప్రవక్తల సంఖ్య పరిమితం, ఆ కోటా అయిపోతే మీరు మతం స్థాపించలేరు. కాబట్టి ఆ దారి పట్టదలచినవారు మొదటి జిల్లాగా (నగరంలో ఒక ప్రత్యేక పనికి కేటాయించే భాగంగా) హోలీ సైట్ (పుణ్యక్షేత్రం) కట్టాలి. ఎంచుకున్న నాయకుని ప్రత్యేక గుణమూ ఒక సూచన ఇస్తుంది గాని దానికి దాసోహం కానక్కరలేదు. గాంధీతో ఆడుతున్నామని తప్పనిసరిగా మతానికే పోవాలని లేదు, నేల నిండా కొండలూ, వాటి నడుమ విజ్ఞాన జిల్లా అయిన క్యాంపస్‌కు అనువైన లోయలూ ఉంటే సైన్స్ వైపు వెళ్లడమే వివేకం.

నేను టెక్నాలజీలో అందరికంటే ముందుంటాను, అయినా సైన్స్ విక్టరీ అందదు. కారణమేమిటి?

మమ్మల్ని అందరికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. సైన్స్ విక్టరీ పేరులో సైన్స్ ఉన్నా, దాని చివరి మూడో వంతు విజ్ఞానంతో కాక ఉత్పత్తితో గెలవవలసినది. భూ ఉపగ్రహం, చంద్రునిపై అడుగు, అంగారకునిపై కాలనీ, ఆపై వేరొక నక్షత్రపు గ్రహానికి యాత్ర, ఇవన్నీ స్పేస్‌పోర్ట్ (రాకెట్ ప్రయోగ కేంద్రం) ఉన్న నగరం తన కార్మికశక్తితో పూర్తిచేయవలసిన ప్రాజెక్టులు. స్పేస్‌పోర్ట్ జిల్లాయే చాలా ఖరీదైనది. చాలామంది నగరమంతా క్యాంపస్‌లూ విశ్వవిద్యాలయాలూ నింపి, రాకెట్రీ అనే టెక్నాలజీ దాకా పరుగున వెళ్లి, తీరా అక్కడికి చేరాక ఒక్కో ప్రాజెక్టుకు ఇరవై, ముప్ఫై టర్న్‌లు (వంతులు) చూపించడంతో దిగాలుపడతారు. ఉక్కు కర్మాగారం ఉన్న ఊళ్లో పుట్టి ఇండస్ట్రియల్ జోన్ కట్టడం మరిచిపోయావా అని మా గుంపులో ఒకరినొకరం ఎగతాళి చేసుకుంటాము.

చేయవలసినది ఇది. ఆట సగానికి వచ్చేసరికి కొండలూ గనులూ నదీ ఉన్న రెండు మూడు నగరాలను ముందే గుర్తించి, వాటికి ఉత్పత్తి జిల్లాలను కేటాయించాలి. ఒకే స్పేస్‌పోర్ట్‌తో సరిపెట్టుకోకూడదు, ఎందుకంటే చివరి యాత్ర 50 కాంతి సంవత్సరాల దూరం ప్రయాణించాలి, లేజర్ స్టేషన్ ప్రాజెక్టులు దాని వేగాన్ని పెంచుతాయి, వాటిని రెండు మూడు నగరాలు ఏకకాలంలో చేస్తే గడువు బాగా తగ్గుతుంది. ఇక స్పేస్‌పోర్ట్ ఉన్న ప్రతి నగరంలోనూ మీ గూఢచారిని కాపలా ఉంచండి. శత్రు గూఢచారులు రాకెట్ పనులను చెడగొట్టగలరు, గెలుపు దగ్గరపడినవారి మీదే ఆ ప్రయత్నం జరుగుతుంది.

కల్చర్ విక్టరీలో నా పర్యాటకుల సంఖ్య పెరుగుతూనే ఉంటుంది, గెలుపు మాత్రం దూరంగానే ఉంటుంది. లెక్క ఎక్కడ తప్పుతోంది?

లెక్కకు రెండు వైపులున్నాయని, మీరు ఒకవైపే చూస్తున్నారని అర్థం. మీ దగ్గరికి వచ్చే విదేశీ పర్యాటకుల సంఖ్య, ప్రతి ప్రత్యర్థి సొంత దేశీయ పర్యాటకుల సంఖ్యను మించాలి. దేశీయ పర్యాటకులు ఆ ప్రత్యర్థి ఆట మొదటి నుంచి కూడబెట్టిన సంస్కృతి నుంచి పుడతారు. అంటే అందరికంటే ఎక్కువ సంస్కృతి ఉన్న ఒక్కడే మీ గెలుపుకు కొలబద్ద. మిగతా ఐదుగురిని ఎంత ఆకట్టుకున్నా అతన్ని దాటకపోతే లాభం లేదు.

ఇందువల్ల కల్చర్ ఆటలో రెండు విరుద్ధమైన పనులు చేయవలసి వస్తుంది. అందరితోనూ స్నేహంగా ఉండాలి, ఎందుకంటే సరిహద్దులు తెరిచి ఉంటే ఆ దేశంపై మీ పర్యాటక ప్రభావం 25 శాతం, వాణిజ్య మార్గం ఉంటే మరో 25 శాతం పెరుగుతుంది, యుద్ధం ఈ రెండింటినీ తెంచివేస్తుంది. మరోవైపు, ఆ ఒక్క సంస్కృతీ సంపన్నుడు అందని ఎత్తులో ఉంటే, అతని థియేటర్ స్క్వేర్లున్న (సంస్కృతి జిల్లాలున్న) నగరాలను యుద్ధంలో లాక్కోవడమే దగ్గరి దారి కావచ్చు. శాంతి ఆటగా పేరుపడిన కల్చర్ విక్టరీలో ఒక్క యుద్ధం, ఒక్కరితో, సరైన సమయంలో చేయడం నేరం కాదు.

పర్యాటకాన్ని పెంచే దారుల్లో సీసైడ్ రిసార్టులను చాలామంది పట్టించుకోరు. వాటి పర్యాటక విలువ ఆ గడి అందాన్ని బట్టి ఉంటుంది. పక్కన అడవీ పర్వతమూ ఉంటే అందం పెరుగుతుంది, గనీ ఇండస్ట్రియల్ జోనూ ఉంటే తగ్గుతుంది. ఒకవైపు ఋషికొండ, మరోవైపు గాజువాక ఉన్న ఊరివారికి ఈ లెక్క విడమరచి చెప్పనక్కరలేదు. కల్చర్‌కు ఆడుతున్నప్పుడు తీరం వెంట చెట్లు కొట్టకండి. సైన్స్‌కు ఆడేటప్పుడు అవే చెట్లు కొట్టి జిల్లా త్వరగా పూర్తి చేసుకోవడం తెలివైన పని.

డామినేషన్‌లో సగం ప్రపంచాన్ని గెలిచాక నా సామ్రాజ్యమే కూలిపోతోంది. ఎందుకు?

దారిలో కనపడిన ప్రతి నగరాన్నీ పట్టుకుంటున్నారు గనుక. షరతును మళ్లీ చదవండి. మిగతా నాగరికతల మూల రాజధానులు మీ చేతిలో ఉంటే చాలు, వారి పల్లెలన్నీ గెలవనక్కరలేదు. రాజధానికి దూరంగా ఉన్న చిన్న నగరం మీ ఖాతాలో చేరగానే దాని విధేయత పొరుగు దేశం వైపు లాగుతుంది, అక్కడొక గవర్నర్‌ను కూర్చోబెట్టాలి, అసంతృప్తి పెరుగుతుంది, సేనలో ఒక భాగం కాపలాగా ఆగిపోతుంది. పది నగరాలు గెలిచిన సేన పదకొండో నగరానికి వెళ్లేసరికి సగమవుతుంది.

అయితే రాజధానిని ఒంటరిగా పట్టుకున్నా చుట్టూ శత్రు నగరాలుంటే అది తిరుగుబాటు చేయవచ్చు. కాబట్టి రాజధానితో పాటు దానికి ఆనుకుని ఉన్న ఒకటి రెండు పెద్ద నగరాలను తీసుకుని, తక్కినవాటిని శాంతి ఒప్పందంలో వదిలిపెట్టడం నా అనుభవంలో మేలైన పద్ధతి. దూరాన ఉన్న ఖండం మీది రాజధాని చివరిదిగా మిగలకుండా చూసుకోండి. విమానాలూ ఓడలూ లేకుండా చివరి రాజధాని కోసం సముద్రం దాటవలసి వస్తే, అంతదాకా సాగిన ఆట అక్కడ ఎన్నో గంటలు నిలిచిపోతుంది.

మతపరమైన గెలుపు, దౌత్య గెలుపుల గురించి?

మతపరమైన గెలుపుకు ప్రతి నాగరికతలోనూ సగానికి మించిన నగరాలు మీ మతంలోకి రావాలి. అపోస్తలులనే మత ప్రచారకులే మీ సేన, అయితే మీతో యుద్ధంలో ఉన్న దేశపు సైనికులు వారిని అడ్డుకోగలరు గనుక, మతం వ్యాపింపజేసే దేశంతో యుద్ధం రాకుండా చూసుకోండి. దౌత్య గెలుపుకు 20 పాయింట్లు కావాలి. ప్రపంచ మహాసభలో మీరు గెలుపుకు దగ్గరపడ్డారని తెలియగానే మిగతావారంతా కలిసి మీ పాయింట్లు తగ్గించేందుకు ఓటు వేస్తారు. అందుకే చివరి మెట్లను ఒక్కటొక్కటిగా ఎక్కకుండా, ఫేవర్ (దౌత్య పరపతి) కూడబెట్టుకుని, స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ వంటి పాయింట్లిచ్చే కట్టడాన్ని చివరికి ఉంచుకుని, ఒకేసారి దూకాలి.

నేను ఎక్కువమందిని చంపాను, నా సేన తక్కువ నష్టపోయింది, అయినా ఓడిపోయాను. ఇది న్యాయమేనా?

ఆట దృష్టిలో న్యాయమే. కంపెనీ ఆఫ్ హీరోస్‌లో విక్టరీ పాయింట్ల ఆట పెట్టుకుంటే, మ్యాప్ మీది జెండాలలో ఎక్కువ భాగం ఎవరి చేతిలో ఉంటే ఎదుటివారి అంకె తరుగుతూ పోతుంది. ఎవరు ఎందరిని చంపారన్నది ఎక్కడా రాదు. ఇన్‌టు ద బ్రీచ్‌లో మీ మూడు యంత్రాల కంటే నగరాల విద్యుత్ గ్రిడ్ ముఖ్యం. శత్రు పురుగును చంపడానికి వీలున్నా, దానిని ఒక గడి పక్కకు నెట్టి భవనాన్ని కాపాడటమే తరచూ సరైన ఎత్తు. స్టార్‌క్రాఫ్ట్ 2లో కట్టడాలన్నీ కూలితే ఓటమి, సైన్యం ఎంత మిగిలినా సరే. ఇద్దరూ ఒకరి స్థావరం మీద మరొకరు పడినప్పుడు టెర్రన్ల జాతితో ఆడేవారు తమ కట్టడాలను గాలిలోకి లేపి మూలకు తీసుకుపోయి బతికి బయటపడటం, ఈ షరతును అక్షరాలా చదివినవారి ఆట.

మన తీరాన జరిగిన నిజమైన ఘటన ఒకటి ఈ సందర్భంలో చెప్పదగినది. 1804 సెప్టెంబరులో ఫ్రెంచి అడ్మిరల్ లిన్వా తన పెద్ద యుద్ధనౌక మారెంగోతో, మరి రెండు ఫ్రిగేట్లతో (చిన్న యుద్ధనౌకలతో) వచ్చి, విశాఖ వద్ద లంగరు వేసి ఉన్న బ్రిటిష్ నౌక సెంచూరియన్ మీదా, దాని రక్షణలోని రెండు వర్తక నౌకల మీదా పడ్డాడు. ప్రిన్సెస్ షార్లెట్ పట్టుబడింది, బార్నబీ ఒడ్డున పడి పగిలింది, బాగా దెబ్బతిన్న సెంచూరియన్ మాత్రం మిగిలింది. దాన్ని ముంచకుండా వెళ్లిపోయినందుకు లిన్వాకు తరువాత విమర్శలు తప్పలేదు. కాని అతను ఈ సముద్రంలోకి వచ్చింది వర్తకాన్ని దెబ్బతీయడానికి. మారెంగో గట్టిగా దెబ్బతింటే బాగుచేసుకునే రేవు దగ్గరలో లేదు. యుద్ధనౌకల లెక్కలో చూస్తే అతను పని సగంలో వదిలాడు, వర్తక నౌకల లెక్కలో చూస్తే తనకు కావలసింది తీసుకుని తన ఓడను దక్కించుకున్నాడు. మా గుంపులో ఈ రెండు పక్షాలూ ఉన్నాయి. నేను రెండో పక్షంలో ఉన్నాను.

ఎదుటివారు ఏ షరతుకు ఆడుతున్నారో ఎలా పసిగట్టాలి?

సివిలైజేషన్ 6లో వరల్డ్ ర్యాంకింగ్స్ తెర ప్రతి గెలుపు దారిలోనూ ఎవరు ఎంత దూరం వచ్చారో చూపుతుంది. దానిని పది టర్న్‌లకొకసారైనా తెరవనివారు ఓడిపోయాక ఆశ్చర్యపోతారు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో ఇంత సులువు కాదు. అక్కడ లేనిది చూడాలి. ఇంపీరియల్ ఏజ్‌కు వచ్చి చాలాసేపైనా శత్రువు మీ మీదికి రావడం లేదంటే, అతని రాయి ఎక్కడికో పోతోందన్నమాట. ఒక గూఢచారి గుర్రాన్ని అతని వెనుక మూలకు పంపండి. కనిపెట్టాక అతన్ని ఓడించడం గురించి కాక, ఆలస్యం చేయడం గురించి ఆలోచించండి. గడువు మీద గెలిచేవాడికి మీరిచ్చే అతి పెద్ద దెబ్బ అతని గడియారాన్ని ఆపడమే.

ఒక దారిలో సగం వచ్చాక మరో దారికి మళ్లడం తెలివైన పనేనా?

మీరు కూడబెట్టినది మళ్లించదగినదైతే అవును. మత పోరులో వెనుకబడినవారి దగ్గర ఫెయిత్ (భక్తి) నిల్వ ఉంటుంది. దానితో పర్యాటకాన్ని పెంచే నేచురలిస్టులనూ రాక్ బ్యాండ్‌లనూ కొని కల్చర్ వైపు మళ్లవచ్చు, నేనైతే ఈ మలుపును అన్నిటికంటే ఇష్టపడతాను. సైన్స్‌లో ముందుండి ఉత్పత్తి చాలనివారు, శత్రువుకు ఇంకా తుపాకీ దళాలే ఉండగా ట్యాంకులతో, బాంబర్లతో అతని పారిశ్రామిక నగరాలను తీసుకోవచ్చు. దౌత్య ఫేవర్‌ను బంగారానికి అమ్ముకోవచ్చు. మళ్లించలేనిది ఒకటే, మూల రాజధానుల కోసం పాడుచేసుకున్న స్నేహాలు. డామినేషన్ నుంచి దౌత్యానికి మళ్లాలనుకునేవారికి మహాసభలో ఓటు వేసేవారు మిగలరు.

ఫోనులో క్లాష్ ఆఫ్ క్లాన్స్ ఆడేవారికి ఇవన్నీ వర్తిస్తాయా?

వర్తిస్తాయి. దోపిడీ కోసం చేసే దాడిలో బంగారం, ఎలిక్సిర్ ముఖ్యం, నక్షత్రాలు కాదు. బయట ఉన్న కలెక్టర్లు (వనరులు పోగుచేసే కట్టడాలు) నిండుగా ఉంటే టౌన్ హాల్ జోలికి పోకుండా చవకైన సేనతో వాటిని ఊడ్చుకుని రావడమే లాభం. రెండు క్లాన్‌లు (జట్లు) తలపడే క్లాన్ వార్‌లో దోపిడీకి విలువ లేదు. సగం ఊరు కూల్చితే ఒక నక్షత్రం, టౌన్ హాల్ కూల్చితే ఒకటి, మొత్తం కూల్చితే మూడోది. నక్షత్రాలు సమానమైతే కూల్చిన శాతం చూస్తారు. మామూలు వార్‌లో ఒక్కొక్కరికి రెండే దాడులు. కాబట్టి మూడు నక్షత్రాలకు ఆశపడి ఒకటితో మిగిలే కంటే, ఖాయంగా రెండు తెచ్చేవాడు క్లాన్‌కు ఎక్కువ ఉపకారి. చివరి గంటలో ఒకే ఒక్క నక్షత్రం వెనుకబడి ఉంటే మాత్రం ఈ సలహా తారుమారవుతుంది.

అసలు గెలుపు షరతే లేని ఆటల్లో ఏమి చేయాలి?

యూరోపా యూనివర్సాలిస్ 4 నవంబరు 11, 1444న మొదలై 1821లో ముగుస్తుంది, మధ్యలో మీరు గెలిచారని ఎవరూ చెప్పరు. విజయనగరంతో మొదలుపెట్టి దక్షిణాపథమంతా ఏలాలన్నా, తీరం వెంట వర్తకాన్ని చేజిక్కించుకోవాలన్నా ఆ షరతు మీరే రాసుకోవాలి. కాగితం మీద ఒక్క వాక్యంగా, తేదీతో సహా రాయండి. తేదీ లేని షరతు కోసం ఆడేవారు ప్రతి యుద్ధానికీ వెళ్తారు, అప్పులపాలవుతారు.

సాధన ఎలా మొదలుపెట్టాలి?

సివిలైజేషన్ 6లో ఆట మొదలుపెట్టేటప్పుడు అడ్వాన్స్‌డ్ సెటప్‌లో మ్యాప్ సీడ్ అనే అంకె ఉంటుంది. దానిని రాసి పెట్టుకుంటే అదే నేలను మళ్లీ పొందవచ్చు. ఒకే నాయకునితో, ఒకే సీడ్‌తో, మొదటిసారి సైన్స్ ఒక్కటే ఉంచి, రెండోసారి కల్చర్ ఒక్కటే ఉంచి, మూడోసారి డామినేషన్ ఒక్కటే ఉంచి ఆడండి, మిగతా గెలుపులను సెటప్‌లోనే తీసివేయండి. మూడు ఆటలనూ చివరిదాకా ఆడనక్కరలేదు, వందో టర్న్ దగ్గర ఆపి మూడు తెరచిత్రాలు పక్కపక్కన పెట్టండి. మూడు మ్యాప్‌లూ ఒకేలా ఉంటే, మీరు ఇంకా షరతును చూసి ఆడటం లేదు. మా గుంపులో ఒక తమ్ముడు ఈ పని చేసి, మూడింటిలోనూ ఒకే చోట, ఒకే టర్న్‌కు ఒకే ఎన్‌క్యాంప్‌మెంట్ (సైనిక జిల్లా) కట్టినట్టు కనిపెట్టాడు. ఎందుకు కట్టావంటే, పొరుగున మ్యాప్ మీద ఎవరున్నారో చూడకముందే అలవాటుగా కట్టేశాను అన్నాడు.